మందు పనిచేస్తూనే ఉంది, వాల్వ్ మాత్రం ఆగిపోయింది

పేషెంట్ వయసు 38. కృష్ణా డెల్టాలో ఒక పల్లె. ఊడ్పులకీ కోతలకీ వెళ్లే వ్యవసాయ కూలీ. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాత జ్వరంతో గుండెలో మైట్రల్ వాల్వ్ దెబ్బతింది. తొమ్మిదేళ్ల కిందట ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేసి రెండు రెక్కల కృత్రిమ వాల్వ్ పెట్టారు. అందరూ మెటల్ వాల్వ్ అంటారు గానీ ఆ రెక్కలు పైరోలిటిక్ కార్బన్‌వి. అప్పటినుంచీ వాల్వ్ మీద రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ మాత్ర, అంటే ఎసినోకుమరాల్, రోజుకి 3 మిల్లీగ్రాములు వేసుకుంటోంది. నెలకోసారి ఐఎన్‌ఆర్ పరీక్ష, అంటే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే అంకె. మైట్రల్ స్థానంలో మెకానికల్ వాల్వ్ ఉన్నవాళ్లకి ఐఎన్‌ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఈమెది చాలావరకు అక్కడే ఉండేది.

ఆమె అనుమతితో ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చాను.

ఒక సోమవారం పొద్దున ఏడింటికి ఎమర్జెన్సీకి వచ్చింది. ఆయాసంతో నాలుగు మాటలకోసారి ఆగుతోంది. నాలుగు రోజులుగా పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతోందట. నాడి 118, బీపీ 96/64, ఆక్సిజన్ 88 శాతం. ఊపిరితిత్తుల్లో కిందినుంచి సగం దాకా నీటి చప్పుడు. నేను స్టెత్ పెట్టేలోపే ఆమె అంది:

"గడియారం ఆడట్లేదు డాక్టరమ్మా. పది రోజులైంది."

మెకానికల్ వాల్వ్ పెట్టించుకున్నవాళ్లకి ఈ మాట అర్థమవుతుంది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక, రెక్కలు మూసుకునే ప్రతిసారీ సన్నగా టిక్కుమని వినిపిస్తుంది. మొదట్లో నిద్ర పట్టదు. తర్వాత ఆ చప్పుడు లేకపోతేనే నిద్ర పట్టదు. ఈమె ఇంట్లో దాన్ని గడియారం అనేవాళ్లు. స్టెత్‌తో విన్నాను. గట్టిగా వినిపించాల్సిన క్లిక్ దుప్పటి చాటునుంచి వచ్చినట్టు మూగగా ఉంది. నాకు ఎకో, అంటే గుండె స్కాన్, రిపోర్టు అక్కడే సగం వచ్చేసింది.

ఎకోలో వాల్వ్ దగ్గర సగటు గ్రేడియంట్, అంటే వాల్వ్‌కి అటూ ఇటూ ఒత్తిడిలో తేడా, 19. ఈ వాల్వ్‌కి 5 దరిదాపుల్లో ఉండాలి. గొంతులోంచి ప్రోబ్ పంపి చేసే ఎకోలో ఒక రెక్క మొదలు దగ్గర రక్తపు గడ్డ కనిపించింది. వైశాల్యం 0.6 చదరపు సెంటీమీటర్లు. క్యాత్ ల్యాబ్‌లో ఎక్స్‌రే కింద చూస్తే ఒక రెక్క మామూలుగా తెరుచుకుంటోంది, రెండోది సగంలో ఇరుక్కుని అక్కడే వణుకుతోంది.

మాత్రలు మానేసిందేమో అన్నది ఎవరికైనా వచ్చే మొదటి అనుమానం. మా పీజీ అమ్మాయి కూడా అదే అడిగింది. ఆమె ఆయాసపడుతూనే కొంగుముడి విప్పి స్ట్రిప్పులు తీసింది. అన్నీ ఖాళీ, ఒక్క గుంటలోనూ మందు మిగల్లేదు. అయితే అవి ఎసిట్రోమ్ స్ట్రిప్పులు కావు. డాబిగాట్రాన్ 150 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్. రోజుకి రెండు, ఆరు వారాలుగా.

అసలు కథ పంటి నొప్పితో మొదలైంది. ఊళ్లో మెట్రోనిడజోల్ ఇచ్చారు, ఐదు రోజులు వాడింది. కాలేయంలో ఎసిట్రోమ్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌కి ఆ మందు అడ్డుపడుతుంది. పైగా పన్ను నొప్పికి ఆ వారం సరిగా తిండి తినలేదు, కూరల్లోంచి వచ్చే విటమిన్ కె కూడా తగ్గింది. చిగుళ్లనుంచి రక్తం వచ్చింది. దగ్గర్లో పరీక్ష చేయిస్తే ఐఎన్‌ఆర్ 6.2. ఎసిట్రోమ్ రెండు రోజులు ఆపి, మళ్లీ పరీక్ష చేసి, తిరిగి మొదలుపెడితే సరిపోయేది. దాని బదులు ఒక చోట ఈ కొత్త మందు రాసి, "ఇది కూడా రక్తం పల్చబడే మాత్రే, నెలనెలా టెస్టు అక్కర్లేదు" అన్నారు.

ఆ మాట ఎంత ఊరటగా వినిపించి ఉంటుందో నేను ఊహించగలను. నెలకోసారి బస్సెక్కి రావాలి, ఆ రోజు కూలి పోతుంది, సాయంత్రం దాకా రిపోర్టు కోసం కూర్చోవాలి. భర్తకి ఇంకో భయం కూడా ఉంది. ఎసిట్రోమ్ ఎలకల మందని ఫోన్‌లో ఎవరో పంపిన వీడియోలో చూశాడట. ఆ మాటలో పూర్తి అబద్ధం లేదు. 1920లలో అమెరికా, కెనడాల్లో పాడైపోయిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తస్రావంతో చనిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం ఆ గడ్డిలోంచి డైకుమరాల్ అనే పదార్థాన్ని వేరుచేసింది. అదే దారిలో తయారైన వార్ఫరిన్ 1948లో ఎలకల మందుగానే మార్కెట్లోకి వచ్చింది. 1954 నుంచి మనుషులకి వాడుతున్నారు. మన ఎసిట్రోమ్ ఆ వార్ఫరిన్‌కి చెల్లెలు లాంటిది. చంపేదీ కాపాడేదీ మోతాదు. ఆ మోతాదు కొలిచేదే ఐఎన్‌ఆర్.

ఇప్పుడు నన్ను నిలబెట్టిన రిపోర్టు గురించి చెప్తాను. ఐఎన్‌ఆర్ 1.3. గడ్డకట్టే సమయం చూసే ఇంకో పరీక్ష ఏపీటీటీ 44 సెకన్లు, కంట్రోల్ 30. త్రాంబిన్ అంటే రక్తాన్ని చివరికి గడ్డకట్టించే ఎంజైమ్; త్రాంబిన్ టైమ్ పరీక్షలో 150 సెకన్లు దాటినా గడ్డకట్టలేదు. మామూలుగా అది 20 సెకన్లలోపు అయిపోవాలి. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి వేసుకున్న క్యాప్సూల్ పదకొండు గంటల తర్వాత కూడా రక్తంలో ఉంది, త్రాంబిన్‌ని పట్టుకునే ఉంది. అంటే ఆమె మందు మానలేదు, మందు ఒంటికి పట్టకపోవడమూ కాదు. టెస్ట్ ట్యూబ్‌లో ఆమె రక్తం గడ్డకట్టనంటోంది. అదే రక్తం గుండెలో వాల్వ్ మీద గడ్డకట్టి కూర్చుంది.

"రక్తం పల్చబడే మాత్ర" అనే పేరు ఇలాంటి చోటే మోసం చేస్తుంది. ఈ మందులేవీ రక్తాన్ని మజ్జిగలా పల్చన చేయవు. రక్తం చిక్కదనం అలాగే ఉంటుంది. గడ్డకట్టే ప్రక్రియలో ఒక్కో మందు ఒక్కో చోట చెయ్యి పెడుతుంది. ఏ చోట అన్నదాన్నిబట్టే అది ఎవరికి పనికొస్తుందో తేలుతుంది.

ఎసిట్రోమ్, వార్ఫరిన్ పనిచేసేది కాలేయంలో. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్లు, ఫ్యాక్టర్ 2, 7, 9, 10, అక్కడ తయారయ్యాక విటమిన్ కె సాయంతో వాటికి ఒక కొక్కెం తగులుతుంది. ఆ కొక్కెంతోనే అవి కాల్షియాన్ని పట్టుకుని ప్లేట్‌లెట్ల మీద కూర్చుంటాయి. ఒకసారి వాడిన విటమిన్ కె మళ్లీ పనికి రావాలంటే దాన్ని ఒక ఎంజైమ్ తిరిగి సిద్ధం చేయాలి. ఎసిట్రోమ్ ఆ ఎంజైమ్‌ని ఆపుతుంది. కొక్కెం లేని ఫ్యాక్టర్లు రక్తంలో తిరుగుతాయి గానీ కూర్చోలేవు. డాబిగాట్రాన్ అలా కాదు. అది చివరి మెట్టు దగ్గర, తయారైపోయిన త్రాంబిన్‌ని నేరుగా పట్టుకుంటుంది. ఒక మందు కణం ఒక త్రాంబిన్ కణాన్ని పట్టుకోగలదు, అంతే. రివరోక్సబాన్, ఎపిక్సబాన్ అనే ఇంకో రెండు కొత్త మందులు దానికి ఒక మెట్టు పైన, పనిలోకి దిగిన ఫ్యాక్టర్ 10ని, అంటే 10ఏని పట్టుకుంటాయి. సూదితో ఇచ్చే హెపారిన్ తనంతట తాను ఏదీ ఆపదు. మన రక్తంలోనే ఉండే యాంటీత్రాంబిన్ అనే కాపలాదారుకి అంటుకుని, దాని వేగాన్ని వెయ్యి రెట్ల దాకా పెంచుతుంది.

మరి వాల్వ్ మీద ఏం జరిగింది? కృత్రిమ వాల్వ్ ఒంటికి పరాయి వస్తువు. దాని ఉపరితలం తగిలిన రక్తంలో ఫ్యాక్టర్ 12 మేలుకుంటుంది. దానినుంచి 11, ఆపైన 9, 10, చివరికి త్రాంబిన్. రెక్కల సందుల్లో రక్తం సుడి తిరిగే చోట ఈ తయారీ ఆగకుండా సాగుతుంది. అంతా ఒకే చోట పుట్టే త్రాంబిన్. రక్తమంతా సమానంగా కలిసిన మందు ఆ ఒక్క చోటికి చాలదు. ఎసిట్రోమ్ అయితే 9 దగ్గర, 10 దగ్గర, 2 దగ్గర, అన్నిచోట్లా సరుకే తగ్గించి ఉంచుతుంది. త్రాంబిన్ పుట్టడమే తక్కువ.

ఇది ఊహ కాదు. రీ-అలైన్ అనే ట్రయల్‌లో మెకానికల్ వాల్వ్ ఉన్న 252 మందిలో డాబిగాట్రాన్‌ని వార్ఫరిన్‌తో పోల్చి చూశారు. మోతాదు పూటకి 300 మిల్లీగ్రాముల దాకా పెంచారు. డాబిగాట్రాన్ గుంపులో 9 మందికి స్ట్రోక్ వచ్చింది, వార్ఫరిన్ గుంపులో ఒక్కరికీ రాలేదు. పెద్ద రక్తస్రావాలు కూడా డాబిగాట్రాన్‌లోనే ఎక్కువ. ట్రయల్ మధ్యలో ఆపేశారు, ఫలితాలు 2013లో వచ్చాయి. గడ్డనీ ఆపలేక, రక్తస్రావమూ తగ్గించలేకపోయిన ఆ ఫలితం నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. డోసు పెంచితే సరిపోతుందనే వాదనకి అక్కడే సమాధానం ఉంది. ఎపిక్సబాన్‌తోనైనా కుదురుతుందేమోనని ఆన్-ఎక్స్ అనే రకం మెకానికల్ అయోర్టిక్ వాల్వ్ ఉన్నవాళ్లలో చూసిన ప్రోయాక్ట్ ఎక్స్-ఏ ట్రయల్ కూడా 2022లో ఆగిపోయింది. కారణం అదే, ఎపిక్సబాన్ వాడినవాళ్లలో గడ్డలు ఎక్కువ.

ఇక చికిత్స. మూడు దారులున్నాయి: మళ్లీ ఆపరేషన్, గడ్డ కరిగించే మందు, హెపారిన్‌తో ఎదురుచూడటం. హెపారిన్‌కి కొత్త గడ్డ పెరగకుండా చూడటమే తెలుసు, ఉన్న గడ్డని అది కరిగించదు. దానికి గడ్డని పట్టి ఉంచే ఫైబ్రిన్ వలని కోసే టీపీఏ లాంటి మందు కావాలి. గడ్డ చిన్నది, ఎడమ కర్ణికలో వేరే గడ్డ లేదు, మెదడు సీటీ బాగుంది. కాబట్టి కరిగిద్దామనే మొగ్గు. చిక్కల్లా రక్తంలో డాబిగాట్రాన్ ఉండగా టీపీఏ ఎక్కిస్తే రక్తస్రావం భయం. దానికి ఇదరుసిజుమాబ్ అనే విరుగుడు ఉంది. కానీ వాల్వ్ మీద గడ్డ ఉన్న మనిషిలో ఉన్న కాస్త అడ్డునీ ఒక్కసారిగా లాగేయడం నాకు నచ్చలేదు. అత్యవసరంగా ఆపరేషన్‌కి వెళ్లాల్సి వస్తే వాడదామని తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టించాను. సర్జన్‌కి చెప్పి థియేటర్ సిద్ధంగా ఉంచాం.

ఆక్సిజన్, ఒంట్లో నీరు తీసే ల్యాసిక్స్‌తో మధ్యాహ్నానికి ఆయాసం తగ్గింది. క్రియాటినిన్ 0.8, కిడ్నీలు మందుని బయటికి పంపగలవు. చివరి క్యాప్సూల్ వేసుకున్న పన్నెండు గంటలకి హెపారిన్ మొదలుపెట్టాం. డాబిగాట్రాన్ అప్పటికే ఏపీటీటీని పెంచి ఉంచింది, ఆ అంకె చూసి హెపారిన్ డోసు సరిచేస్తే తప్పుదారి పడతాం. అందుకని ఫ్యాక్టర్ 10ఏ మీద హెపారిన్ ప్రభావాన్ని కొలిచే యాంటీ-టెన్-ఏ పరీక్షతో చూసుకున్నాం. ఈ పరీక్షకి డాబిగాట్రాన్ అడ్డురాదు.

48 గంటలకి పైనే ఆగాం. ఆ రెండు రాత్రులు నాకు చాలా పొడుగ్గా గడిచాయి. బుధవారం రాత్రి హెపారిన్ ఆపి, టీపీఏ 25 మిల్లీగ్రాములు ఆరు గంటలపాటు మెల్లగా ఎక్కించాం. తర్వాత మళ్లీ హెపారిన్. గురువారం పొద్దున గ్రేడియంట్ 11. రెక్క కొంచెం కదిలింది గానీ పూర్తిగా తెరుచుకోలేదు. ఆ రాత్రే రెండో విడత 25 మిల్లీగ్రాములు. శుక్రవారం పొద్దున గ్రేడియంట్ 6. క్యాత్ ల్యాబ్ తెర మీద రెండు రెక్కలూ పుస్తకం అట్టల్లా ఒకేసారి తెరుచుకుని ఒకేసారి మూసుకున్నాయి. ఆ రాత్రి డ్యూటీ సిస్టర్ని పిలిచి, తన గుండె మీద చెవి పెట్టి వినమందట.

వార్డులోకి మార్చాక పక్క బెడ్‌లో డెబ్బై ఏళ్ల పెద్దాయన. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పే జబ్బు; ఎపిక్సబాన్ రాశాను. రౌండ్స్‌లో ఆమె నన్ను ఆపి అడిగింది. "ఆ పెద్దాయనకి టెస్టులేని మాత్ర ఇచ్చారంట కదా డాక్టరమ్మా. నాకెందుకివ్వరు? నాది పేద కేసనా?"

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఊడ్పులకి వెళ్లే మనిషి, కాలవలూ తూములూ నాకంటే బాగా తెలుసు. "మీ చేలోకి నీళ్లు ఎక్కువ రాకూడదు. ఏం చేస్తారు?" అన్నాను. "మడవ కట్టేస్తాం." "కాలవలో నీళ్లు తక్కువుంటే మడవ కడితే చాలు. కాలవకే గండి పడితే?" ఆమె నవ్వింది. "మడవ దగ్గర పార పట్టుకుని ఎంతమంది నిలబడినా లాభంలేదు. పైన బ్యారేజీ దగ్గరే నీళ్లు తగ్గించాలి."

"ఆ పెద్దాయన గుండెలో మడవ కడితే సరిపోతుంది. రక్తం ఒక మూల నెమ్మదిగా నిలవడం వల్ల వచ్చే గడ్డ ఆయనది. మీ వాల్వ్ దగ్గర ఎప్పుడూ గండే. ఎసిట్రోమ్ బ్యారేజీ గేట్లు దించే మందు." ఆమె తలూపి, భర్త వైపు తిరిగి, "విన్నావా?" అంది.

ఒక మాట ఇక్కడ కలపాలి. పెద్దాయనకి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది గానీ కీళ్లవాతం వల్ల సన్నబడిన వాల్వ్ లేదు. అది ఉంటే సొంత వాల్వే అయినా నేను ఎసిట్రోమ్ వైపే ఉంటాను. కీళ్లవాత గుండె జబ్బూ ఏట్రియల్ ఫిబ్రిలేషనూ కలిసి ఉన్న 4500 మందికి పైగా మీద జరిగిన ఇన్విక్టస్ ట్రయల్ 2022లో వచ్చింది. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. రివరోక్సబాన్ కంటే విటమిన్ కెని ఆపే పాత మందులు వాడినవాళ్లలో మరణాలు తక్కువ, రక్తస్రావమూ ఎక్కువ కాలేదు. మన ఓపీల్లో కనిపించే పేషెంట్లు అచ్చం వీళ్లే. కాళ్ల సిరల్లో గడ్డలకీ, మామూలు ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కీ కొత్త మందులు చాలా మంచివి, నేనూ రోజూ రాస్తాను.

ఎసిట్రోమ్ శుక్రవారమే మళ్లీ మొదలుపెట్టాం, హెపారిన్ నడుస్తుండగానే. మూడో రోజు ఐఎన్‌ఆర్ 2.6. పీజీ అమ్మాయి సంతోషంగా వచ్చింది. "మేడమ్, రేంజ్‌లోకి వచ్చేసింది, హెపారిన్ తీసేద్దామా?"

"ఇంకా ఆగాలమ్మా," అన్నాను. ఎసిట్రోమ్ కొత్త సరుకు రాకుండా చేస్తుంది, రక్తంలో ఉన్న పాత సరుకు దానంతటది అయిపోవాలి. ఫ్యాక్టర్ 7 సగం అయిపోవడానికి ఆరు గంటలు చాలు. ఫ్యాక్టర్ 2కి రెండున్నర రోజులకి పైనే పడుతుంది. మొదట్లో ఐఎన్‌ఆర్ పెరిగేది ముఖ్యంగా 7 తగ్గడం వల్ల. కాయితం మీద 2.6 వచ్చినా త్రాంబిన్‌గా మారే ఫ్యాక్టర్ 2 ఇంకా దండిగా ఉంటుంది. పైగా గడ్డని అదుపులో ఉంచే ప్రోటీన్ సి కూడా విటమిన్ కె మీదే ఆధారపడుతుంది, అదీ తొందరగానే పడిపోతుంది. అందుకే కనీసం ఐదు రోజులు రెండూ కలిసి నడవాలి, ఆపైన రెండు రోజులు వరసగా ఐఎన్‌ఆర్ రేంజ్‌లో ఉండాలి. ఏడో రోజున హెపారిన్ తీశాం. అప్పటికి ఐఎన్‌ఆర్ 2.9, 3.1.

డిశ్చార్జ్ ముందు ఆమె ఐఎన్‌ఆర్ పుస్తకం మొత్తం తిరగేశాను. ఆ 6.2కి ముందు కూడా అక్కడక్కడా కారణం లేని ఎగుడుదిగుళ్లు: 2.7, 4.4, 2.6. శాంపిల్ ఎలా తీస్తారని అడిగాను. "నా నరం సన్నం కదా, ఆ నీలం మూత సీసాలో సగమే వస్తుంది, చాల్లే అంటారు." ఆ సీసాలో ముందే కొలిచి పోసిన సిట్రేట్ ఉంటుంది. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్. సగమే నింపితే సిట్రేట్ ఎక్కువైపోయి, పరీక్షలో కలిపే కాల్షియాన్ని అదే మింగేస్తుంది. రక్తం ఆలస్యంగా గడ్డకట్టినట్టు కనిపిస్తుంది, ఐఎన్‌ఆర్ లేనిది ఎక్కువ వస్తుంది. చిగుళ్ల రక్తం నిజమే, మెట్రోనిడజోల్ ప్రభావమూ నిజమే. కానీ ఆ 6.2లో ఎంత మందుదో ఎంత సగం సీసాదో ఇప్పుడు చెప్పలేం. మందు మార్చేసింది మాత్రం ఆ అంకె చూసే. ఒక నీలం మూత సీసా తెప్పించి, ఎక్కడిదాకా నిండాలో గీత చూపించాను. అంతదాకా రాకపోతే మళ్లీ తియ్యమని అడగమని చెప్పాను.

మా తప్పు కూడా ఇక్కడ రాయాలి. రెండేళ్ల కిందట మా ఓపీలో ఇచ్చిన ఆమె చీటీ తీసి చూశాను. నా చేతిరాతే. "రక్తం పల్చబడే మందు కొనసాగించాలి" అని ఉంది. ఏ మందో, ఎందుకో లేదు. మెకానికల్ వాల్వ్ అన్న మాట లోపలి పేజీలో ఎక్కడో ఉంది. ఆ చీటీ చూసి మందు మార్చినవాళ్లకి నేనే దారి తెరిచిపెట్టాను. ఆ చీటీ నన్ను చాలా రోజులు బాధపెట్టింది. ఇప్పుడు మా ఓపీలో వాల్వ్ పేషెంట్ల పుస్తకం అట్ట మీదే ఎర్ర సిరాతో తెలుగులో రాస్తున్నాం: "మెకానికల్ వాల్వ్. ఎసిట్రోమ్ లేదా వార్ఫరిన్ మాత్రమే. డాబిగాట్రాన్, రివరోక్సబాన్, ఎపిక్సబాన్ వాడకూడదు. ఏ కొత్త మందు మొదలుపెట్టినా నాలుగైదు రోజుల్లో ఐఎన్‌ఆర్ చూడాలి." దాని కింద ఓపీ ఫోన్ నంబరు.

ఆకుకూరలు పూర్తిగా మానేసిందట తొమ్మిదేళ్లుగా, ఎవరో మానమన్నారని. తోటకూర, మునగాకు ఇష్టం. మానక్కర్లేదు, వారానికి ఎన్నిసార్లు తింటారో అన్నిసార్లే తినండి, ఆ లెక్కకి మందు సరిచేస్తాను అన్నాను. మొదటి నెలలో ఐఎన్‌ఆర్ 2.3కి దిగింది. వారానికి రెండు రోజులు ఎసిట్రోమ్ 4 మిల్లీగ్రాములు చేశాక 2.8.

ఆరో నెలలో వచ్చినప్పుడు ఎకోలో సగటు గ్రేడియంట్ 5, రెండు రెక్కలూ బాగా కదులుతున్నాయి. పుస్తకంలో వరసగా 2.8, 3.0, 2.7, 3.2. గడియారం ఎలా ఉందని అడిగాను. బాగానే ఆడుతోందనీ, ఆయనకే నిద్ర పట్టట్లేదనీ చెప్పింది. భర్త తల వంచుకుని నవ్వుతూ నిలబడ్డాడు. తర్వాతి పరీక్ష సంక్రాంతి వెళ్లిన వారం రాసి పంపాను.